దూరమా అని అడిగిన కంప్యూటరు

కాశీబుగ్గ బజారులో ఒక జీడిపప్పు దుకాణం పైన మేడగదిలో మా ఇంగ్లీషు క్లాసు ఉండేది. వెనక వీధిలో జీడిపిక్కలు కాల్చే పొగ కిటికీలోంచి నేరుగా లోపలికొచ్చి, ఫీజు కట్టిన మాతో సమానంగా కూర్చునేది. ఇప్పటికీ ఎవరైనా గడగడా ఇంగ్లీషు మాట్లాడితే నాకు జీడిపిక్క కాలిన వాసన వస్తుంది. దీన్ని జ్ఞాపకాల పరిమళం అనే రకం మనిషిని కాను. ముక్కు పాడైంది, అంతే.

రెండువేల సంవత్సరం దాటాక రెండుమూడేళ్ల నాటి సంగతి. నేను పలాసలో డిగ్రీ చదువుతున్నానని మా ఇంట్లో అనుకునేవారు. ఆ మేడ మీద ఒక రోజు బోర్డు వెలిసింది: 'కృత్రిమ మేధస్సుతో ఎవరికి తగ్గ ఇంగ్లీషు వారికి'. కృత్రిమ మేధస్సు అనే మాట మా వైపు ఎవరూ విని ఉండలేదు. మొదటి వారంలో మెట్లెక్కినవాళ్ళు నలుగురు. అందులో ఇద్దరు జ్ఞాపకశక్తి లేహ్యం కోసం వచ్చారు. ఒకాయన మనవరాలి జాతకం కంప్యూటర్లో వేయించాలని వచ్చాడు. నాలుగోవాణ్ని నేను. నేను ఫ్యాను కోసం వెళ్ళాను.

మాస్టారిది టెక్కలి. రోజూ బస్సులో వచ్చేవారు. ఒక చేతిలో అన్నం క్యారేజీ, ఇంకో చేతిలో ఫ్లాపీల డబ్బా. ఏదో పెద్ద ఊళ్ళో కొన్నాళ్ళు కంప్యూటర్ల దగ్గర పని చేసి వెనక్కొచ్చేశారని చెప్పుకునేవారు. గదిలో ఉన్నది ఒకటే కంప్యూటరు. దానికి పూలపూల గుడ్డ కప్పి ఉంచేవారు. చూసేవాళ్ళకి లోపల చిలకలు ఉన్నాయేమో అనిపించేది.

"దర్జీ కూడా కొలత తీసుకునే గుడ్డ కత్తిరిస్తాడయ్యా" అన్నారు మాస్టారు మొదటి రోజు నాతో. "ఇంగ్లీషు దగ్గరికొచ్చేసరికి నలభైమందికీ ఒకే చొక్కా. పట్టనివాణ్ని మొద్దు అంటాం."

ఆ కొలత తీసుకునే ప్రోగ్రాం ఆయనే రాశారు, రెండేళ్ళు కూర్చుని. చేరిన రోజున అది మనల్ని నలభై ప్రశ్నలు అడుగుతుంది, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగులో. మీ ఇంట్లో ఏం పని చేస్తారు, పొద్దున్నే ముందు ఏం చూస్తారు, ఏం తింటారు, దేనికి భయపడతారు. మర్నాటినుంచి వాక్యాలన్నీ మన జవాబుల్లోంచే పుట్టుకొచ్చేవి. నౌపడ ఉప్పుమడుల నుంచి వచ్చే అమ్మాయికి ఉప్పు ఎండటం, ఉప్పు తడవటం. జీడిపప్పు ఏరే పనిలో ఉన్న ఒక అక్కకి గుండు ఎంత, బద్ద ఎంత, ముక్క ఎంత. ఆ అక్క పదేళ్ళుగా ఏరుతున్నదాన్నే ఇంగ్లీషులో ఏరడం మొదలుపెట్టి, నెల తిరక్కుండా నాకంటే ముందుకి వెళ్ళిపోయింది. అంతేకాదు, ఎవరు ఎక్కడ తప్పు చేశారో అది గుర్తుపెట్టుకుని, మర్నాడు గుడ్ మార్నింగ్ చెప్పగానే ముందు ఆ తప్పునే తెచ్చి ముందర పెట్టేది.

నా సంగతి కూడా అది కనిపెట్టింది. నేను ఏ ప్రశ్నకీ తిన్నగా జవాబు చెప్పేవాణ్ని కాదు. పొద్దున్నే ఏం చేస్తావంటే నిద్రపోతానని, ఏం తింటావంటే తిట్లు తింటానని కొట్టేవాణ్ని. వ్యాకరణం సరిపోయేది కాబట్టి దానికి ఏమీ అనడానికి లేకపోయింది. అయితే నిన్న తిట్లు తిన్నవాడు ఇవాళ ఉపవాసం అని కొడితే పాత జవాబు తీసి పోల్చుకునేది. పదిరోజులయ్యాక నేను ఏం కొట్టినా కింద ఒక వరస రావడం మొదలైంది: 'ఆర్ యూ ష్యూర్?' మిగతా ఎవరికీ ఆ ప్రశ్న రాదు. మా నాన్న ఇరవయ్యేళ్ళుగా నన్ను అడుగుతున్న ప్రశ్న అది. దాని మీద నాకు గౌరవం అప్పుడు కలిగింది.

అందుకే మా బావను తీసుకెళ్ళి దాని ముందు కూర్చోబెట్టాను.

బావ అంటే మా అక్క భర్త. వాళ్ళది ఇచ్ఛాపురం వైపు డొంకూరు. పుట్టింది చేపల పనిలో, పదో తరగతి పాసయ్యాడు, సగం ఒడియా సగం తెలుగు. ఏటా కనీసం ఎనిమిది నెలలు గుజరాత్ హార్బరులో ఎవరి బోటు మీదో పనికి వెళ్ళేవాడు. విశాఖపట్నంలో ఒక ఓడల కంపెనీ డెక్కు మీద పనికి మనుషుల్ని తీసుకుంటోందని తెలిసి, అంతకుముందు ఏడాది వెళ్ళాడు. పనికి సంబంధించినవన్నీ నెగ్గాడు. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడమంటే నోరు తెరవకుండా వచ్చేశాడు. "ఇంగ్లీషు రాదు కదా" అన్నాడు. మేమూ అవునన్నాం. రెండో పిలుపు అయిదు వారాల్లో ఉంది. ఇది కూడా పోతే వయసు దాటిపోతుంది, ఇంక పిలవరు.

ఆ అయిదు వారాలూ బావ మా ఊళ్ళోనే, మా ఇంట్లోనే ఉన్నాడు. తెల్లవారుజామున మా నాన్నతో తెప్ప మీద చేపల వేటకి, మధ్యాహ్నం బస్సెక్కి కాశీబుగ్గకి. ఊళ్ళోవాళ్ళు ఇల్లరికం వచ్చాడా అని అడిగితే, కాదు, ఇంగ్లీషరికం అని నేను చెప్పేవాణ్ని. అక్క చీపురు విసిరేది.

మొదటిరోజు నలభై ప్రశ్నలకీ జవాబు కొట్టేసరికి బావకి చెమట పట్టింది. వల లాగిన వేళ్ళు. ఒక వేలు వేస్తే రెండు అక్షరాలు పడేవి. రెండోరోజు తెర మీద వల తడిసింది, గాలి గట్టిగా ఉంది, తాడు లాగు అని ఇంగ్లీషులో వాక్యాలు వచ్చాయి. బావ నా వైపు తిరిగాడు.

"ఇదేట్రా! దీనికి మన తెప్ప సంగతి తెలుసేటి?"

"నిన్న నువ్వే సెప్పినావు కదా బావా."

"సెప్పినాను గానీ, సెప్పింది గుర్తెట్టుకున్నోడు మీ ఇంట్లో ఎవుడున్నాడు?"

ఆ రోజునుంచి బావకీ కంప్యూటరుకీ కుదిరింది. ప్రశ్న పైకి చదవాలి, జవాబు పైకి చెప్పాలి, తర్వాత కొట్టాలి. ఇది మాస్టారి నియమం. బావ సముద్రం మీద పిలిచే గొంతుతో చెప్పేవాడు. కింద దుకాణంలో జీడిపప్పు తూచేవాడు 'పుల్ ద రోప్' నేర్చేసుకున్నాడు. పదిరోజుల్లో బావ తుఫాను దాకా వెళ్ళాడు.

పదకొండో రోజు నేను నా వంతు కోసం మెట్ల మీద కూర్చుని ఉన్నాను. బావ పావుగంటకే బయటికొచ్చాడు.

"ఏటి బావా, అప్పుడే అయిపోనాదా?"

బావ మెట్లు దిగి, ఎదురు టీ కొట్టులో గ్లాసుడు నీళ్ళు తాగి, బల్ల మీద కాసేపు కూర్చుని, బస్సెక్కి వెళ్ళిపోయాడు. మర్నాడు అయిదు నిమిషాలకే అదే పని. ఆ మర్నాడు కుర్చీలో కూర్చున్నట్టే కూర్చుని లేచాడు. నాలుగోరోజు కంప్యూటరు, ఇతను అసలు ఏమీ రానివాడని తేల్చుకుని, మొదటి మెట్టుకి దించేసింది. 'దిస్ ఈజ్ ఏ క్యాట్.'

ఆ సాయంత్రం బావ అన్నం ముందు కూర్చుని అక్కతో అన్నాడు: "తుఫాన్లో ఉన్నోణ్ని పిల్లిలోకి దించీసినాది. ఇంక నానెళ్ళను."

అక్క నన్ను పెరట్లోకి లాక్కెళ్ళింది.

"ఒరే, నువ్వేటో అన్నావు."

"నానేటీ అన్లేదే!"

"అన్లేదంటున్నావంటే అన్నావనే."

"ఒట్టు. ఓడ కాపోతే గుజరాత్ ఉంది కదే. ఇప్పుడేటి కొంప మునిగిపోనాది?"

అక్క వెంటనే తిట్టలేదు. అదే నాకు ఇబ్బందిగా అనిపించింది. "గుజరాత్ ఎళ్తే ఎప్పుడొత్తాడో ఆ బోటు సేటుకే తెలీదు. మా పిల్లకి నాన్నంటే గోడ మీద ఫోటో అనుకుంటంది, దండం ఎడతంది" అంది.

"ఓడ మీదికైనా ఎళ్ళిపోతాడు కదా?"

"ఎళ్తాడు. గానీ తిరిగొచ్చే తారీకు కాయితం మీద ఉంటాది."

బతికున్న మనిషి ఫోటోకి దండం పెట్టే పిల్ల గురించి నా దగ్గర ఒక హాస్యం సిద్ధంగానే ఉంది. ఎందుకో బయటికి రాలేదు.

మర్నాడు పొద్దున్నే మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ముఖం చూస్తే నాలుగు రోజులుగా నిద్ర ఉన్నట్టు లేదు. ప్రోగ్రాంలో ఏదో తప్పుందని ఆయన అనుమానం. బావ జవాబుల చిట్టా మొత్తం తెర మీద వేసి చూపించారు. ఒప్పు, ఒప్పు, ఒప్పు, తప్పు, మళ్ళీ ఒప్పు. అలా పదిరోజులు. చివర మూడు వరసలు మాత్రం జవాబు లేదు, జవాబు లేదు, జవాబు లేదు. మూడింటికీ ప్రశ్న ఒకటే.

'వేర్ ఆర్ యూ గోయింగ్?'

నేను నవ్వాను. సగంలో ఆపేశాను.

బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగకూడదని తెలుగునాట ఎక్కడైనా అంటారు. మా సముద్రం పక్కన అది అనడంతో ఆగదు. అడిగితే వెనక్కి తిరగాలి, కూర్చోవాలి, నీళ్ళు తాగాలి, అప్పుడు మళ్ళీ కదలాలి. మరీ అడగవలసి వస్తే 'దూరమా?' అంటారు. చెప్పేవాడు చెబుతాడు, లేకపోతే తలూపి వెళ్తాడు. అయిదేళ్ళప్పుడు నేను తెప్ప తోస్తున్న మా నాన్నని ఎక్కడికి నాన్నా అని అడిగాను. నాన్న తెప్ప వదిలేసి ఇసకలో కూర్చున్నాడు. నీళ్ళు తెచ్చేలోగా ఆటు తిరిగిపోయింది. ఆ రోజు మిగతా తెప్పలన్నీ నిండుగా వచ్చాయి. నా వీపు కూడా.

మాస్టారికి చెప్పాను. ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నారు.

"మా నాయనమ్మ నన్ను ఇదే మాటకి వాయించేదయ్యా. నాకు తెలీదా? ఆ ప్రశ్న టైపు చేసింది నేనే. ఇంగ్లీషులో ఉండేసరికి అపశకునం అనిపించలేదు."

పైగా యంత్రం గుణం ఒకటుంది. రాని ప్రశ్నని మర్నాడు అందరికంటే ముందు తెస్తుంది. అంటే బావ ఓడ ఉద్యోగానికని ఇంటినుంచి బయల్దేరి, బస్సు దిగి, మెట్లెక్కి కూర్చోగానే మొట్టమొదటి మాట 'ఎక్కడికి?' వరసగా మూడు రోజులు. పిల్లి ఎదురొస్తే పక్కకి తప్పుకోవచ్చు. ఇది పిల్లిని పెంచి గుమ్మంలో కూర్చోబెట్టింది. నాలుగోరోజు నిజంగానే పిల్లిని పంపింది.

"తీసెయ్యండి మాస్టారూ ఆ ప్రశ్న. గొడవ వదిలిపోద్ది" అన్నాను.

సాయంత్రం బావని బతిమాలి తీసుకొచ్చాం. తీసేస్తామని చెప్పాం. బావ ఒప్పుకోలేదు.

"ఇక్కడ మీరు తీసేత్తారు. ఆ విశాపట్నం ఆఫీసరు తీసేత్తాడేటి?"

"ఆయనెందుకు అడుగుతాడు?" అన్నారు మాస్టారు.

"కిందటేడు ముందడిగిందే అది కదా. లోపల కాలెట్టగానే, నవ్వుతా, ఎక్కడికెళ్ళాలనుందిరా నీకు అన్నట్టు ఇంగ్లీషులో అడిగినాడు."

"నీకు అర్థం కాలేదా?"

"అర్థవైంది బాబూ. అర్థవైపోయే నోరు మూసుకున్నాను. ఇంక ఆ పని కాదని అప్పుడే తెలిసిపోనాది."

కింద తూచేవాడు అలవాటుగా 'పుల్ ద రోప్' అని అరిచాడు.

ఏడాదిపాటు మేమందరం బావకి ఇంగ్లీషు రాదనుకున్నాం. నేను అనుకున్నాను, అక్క అనుకుంది, బావ కూడా అదే చెప్పి తప్పించుకున్నాడు. పూలగుడ్డ కప్పిన ఆ పెట్టె మాత్రం పదకొండు రోజుల్లో, ఇతనికి అంతా వస్తోంది, ఈ ఒక్క చోట ఆగిపోతున్నాడు అని వేలుపెట్టి చూపించింది. ఎందుకు ఆగాడో దానికి తెలియదు. తెలిసినట్టు నటించనూ లేదు. డిగ్రీ చదివినవాళ్ళలో నాకు ఈ రెండో గుణం పెద్దగా కనపడలేదు, నాతో కలిపి.

మాస్టారు నాలుగు రోజులు కూర్చున్నారు. బావ ఒక్కడి కోసం ఒక దారి కట్టారు. ముందు కంప్యూటరు బావని ఏమీ అడగదు. ఓడ ఎక్కడికి వెళ్తోంది అంటుంది. ఓడకి శకునాలు లేవు. తర్వాత, నువ్వు ఎక్కడినుంచి వస్తున్నావు అంటుంది. వచ్చినవాణ్ని అడిగితే తప్పులేదు. ఆ తర్వాత, మర్యాదగా, 'ఈజ్ ఇట్ ఫార్?' దూరమా? ఈ ప్రశ్న రాగానే బావ కుర్చీలో వెనక్కి వాలాడు.

"సూడ్రా, ఇప్పుడు మనిసిలా మాటాడతంది" అన్నాడు.

అక్కడ ఒక వారం తిప్పి, అప్పుడు వదిలారు అసలు ప్రశ్నని. అయితే దాని కింద ఇంకో రెండు వరసలు ఉన్నాయి. 'సిట్ డౌన్. డ్రింక్ వాటర్.' తర్వాత తెర రెండు నిమిషాలు ఖాళీగా ఉంటుంది. ఏ మీట నొక్కినా కదలదు. ఆ తర్వాత వస్తుంది: 'స్టార్ట్ అగైన్.'

మొదటిసారి చూసినప్పుడు బావ ఆ ఖాళీ తెరకేసి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మాస్టారే కూజాలోంచి నీళ్ళు వంచి ఇచ్చారు. బావ తాగాడు. తెర మళ్ళీ వెలిగింది. "ఐయామ్ గోయింగ్ టు ద షిప్" అన్నాడు. మామూలు గొంతుతో. కింద తూచేవాడికి వినపడనంత మామూలుగా.

ఇంత గొప్ప పనిలోనూ మాస్టారు ఒక పొరపాటు చేశారు. ఆ నీళ్ళ వరసలు బావ ఖాతాలో మాత్రమే పెట్టాల్సింది, అందరికీ పెట్టేశారు. వారంపాటు క్లాసులో ఎవరికి ఆ ప్రశ్న వచ్చినా కూర్చుని నీళ్ళు తాగమనేది. ఉప్పుమడుల అమ్మాయి భయపడి తాగేసేది. జీడిపప్పు అక్క, "పొద్దున్నుంచీ కూకుని నీళ్ళు తాగమన్నాది ఇదొక్కటే, తీసీకండి మాస్టారూ" అంది. ఆవిడకి తీయలేదు. నాకు నీళ్ళు తాగాక కూడా 'ఆర్ యూ ష్యూర్?' వచ్చేది.

విశాఖపట్నానికి నేను కూడా వెళ్ళాను, తోడుగా. అక్క మాత్రం నోరు అదుపులో పెట్టుకోమని చెప్పి పంపింది, నా నోరే. ఆఫీసు బయట చెట్టు కింద చాలాసేపు నిలబడ్డాను. అటు ఇటు తిరిగాను. దీన్ని ఆదుర్దా అనకూడదు, బల్ల ఖాళీ లేదు.

బావ బయటికొచ్చి ముందు చెప్పులు వేసుకున్నాడు.

"ఏటయింది?"

"అడిగినాడ్రా."

"ఏటి?"

"అదే. ఈసారి వేరే ఆఫీసరు. అయినా అదే అడిగినాడు. ఈళ్ళకి ఇంకోటి రాదేటో."

"నువ్వేటన్నావు?"

"మే ఐ డ్రింక్ వాటర్ సార్ అన్నాను. టేబులు మీద సీసా ఉంటే ఇచ్చినాడు. కూకుని తాగినాను. ఆడు నవ్వినాడు. కంగారు పడకు, టైం తీసుకో అన్నాడు ఇంగ్లీషులోనే. నాకు కంగారేటి? రెండు నిమిసాలు అవ్వాలి కదా. అప్పుడు సెప్పీసినాను. గాలి సంగతి అడిగినాడు, తాడు ముడుల సంగతి అడిగినాడు. అయన్నీ మన కంప్యూటర్లోవే."

పది రోజులకి కాగితం వచ్చింది. అందులో ఓడ ఎక్కే తారీకు ఉంది. తిరిగొచ్చే తారీకు కూడా ఉంది. అక్క రెండోదే చదివించుకుంది. మూడుసార్లు.

బావ మాస్టారికి చెప్పడానికి వెళ్ళినప్పుడు నేనూ ఉన్నాను. కాగితం చూసి మాస్టారు ఒక్క నిమిషం కళ్ళద్దాలు తుడుచుకున్నారు. జీడిపొగ అన్నారు. ఆ రోజు ఆదివారం, వెనక వీధిలో పొయ్యి వెలిగించలేదు. బావ కంప్యూటరు ముందు కూర్చుని, తన నంబరు కొట్టి, గుడ్ ఆఫ్టర్నూన్ చెప్పి, ఆ గుడ్డ తనే కప్పేసి వచ్చాడు.

ప్రయాణం రోజు పలాస స్టేషనుకి మా ఇంటిల్లిపాదీ వచ్చింది. బండి ఆలస్యం. బల్ల మీద బావ పక్కన, సెలవు దొరికి ఇంటికి వెళ్తున్న ఉత్తరాది జవాను ఒకతను కూర్చున్నాడు. తెలుగు రాదు. మంచివాడే. అందుకే పలకరించాడు.

"వేర్ ఆర్ యూ గోయింగ్, భాయ్?"

మా అమ్మ కళ్ళు మూసుకుంది. అక్క అప్పటికే సంచిలోంచి నీళ్ళ సీసా తీసి మూత తిప్పుతోంది. చంకలో పిల్ల, ఫోటోలో మనిషి నిలువెత్తున ఎదురుగా ఉంటే అతన్నే చూస్తోంది.

బావ సీసాకేసి చూడలేదు.

"చెన్నై. దెన్ షిప్" అన్నాడు. కొంచెం ఆగి, చాలా మర్యాదగా అడిగాడు: "అండ్ యూ? ఈజ్ ఇట్ ఫార్?"

"వెరీ ఫార్" అన్నాడు జవాను. ఇద్దరూ నవ్వుకున్నారు.

మూత తీసిన సీసా అక్క చేతిలో అలాగే ఉండిపోయింది. దాన్ని ఏం చెయ్యాలో ఆవిడకి తోచలేదు. నా చేతిలో పెట్టింది.

నేను అక్కడే ప్లాట్‌ఫారం మీద కూర్చుని తాగాను. ఇలాంటివాటి మీద నాకు నమ్మకం లేదు. ఎండగా ఉంది, దాహం వేసింది.